ఐసీ పవర్ పిన్నులు: గుర్తించడం, కలపడం, పరీక్షించడం

సర్క్యూట్ బొమ్మలో నాండ్ గేటుకు మూడు గీతలే కనిపిస్తాయి: రెండు ఇన్‌పుట్‌లు, ఒక అవుట్‌పుట్. చేతిలోని 7400 ఐసీకి మాత్రం 14 కాళ్లుంటాయి. నాలుగు గేట్లకు పన్నెండు పోతే మిగిలే రెండు కాళ్లను బొమ్మ గీసినవాళ్లు చాలాసార్లు చూపించనే చూపించరు. ఆ రెండూ కలపనిదే మిగతా పన్నెండూ దండగ. కొత్తగా సర్క్యూట్లు కట్టేవాళ్ల బోర్డు పనిచేయకపోతే లాజిక్‌నో ప్రోగ్రామునో వెతకడానికి ముందు చూడాల్సింది ఈ పవర్ పిన్నులనే.

ఈ మార్గదర్శిలో చిన్న లాజిక్ ఐసీ నుంచి మైక్రోకంట్రోలర్ దాకా పవర్ పిన్నులను ఎలా గుర్తించాలో, దేనికి ఏం కలపాలో, మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఏ వరుసలో పరీక్షించాలో చూద్దాం. దగ్గర ఉండాల్సినవి: ఐసీ డేటాషీట్, డయోడ్ టెస్ట్ ఉన్న మల్టీమీటర్, కొన్ని 104 (అంటే 100 నానోఫారడ్) సిరామిక్ కెపాసిటర్లు, రెండు మూడు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక 100 ఓమ్ రెసిస్టర్. కరెంటు పరిమితి పెట్టుకోగల బెంచ్ సప్లై ఉంటే మరీ మంచిది.

మొదటి అడుగు: పేర్లు చదవడం

వీసీసీ, వీడీడీ, వీఈఈ, వీఎస్ఎస్ అనే పేర్లు ట్రాన్సిస్టర్ కాళ్ల నుంచి వచ్చాయి. కలెక్టర్ల వైపు సప్లై వీసీసీ, ఎమిటర్ల వైపు సప్లై వీఈఈ. మాస్ ట్రాన్సిస్టర్లలో డ్రెయిన్ల వైపుది వీడీడీ, సోర్సుల వైపుది వీఎస్ఎస్. అక్షరం రెండుసార్లు వచ్చిందంటే అది సప్లై లైను అని అర్థం. సీమాస్ ఐసీల లోపల పైన ఉండే పీ ఛానల్ ట్రాన్సిస్టర్ల సోర్సులే వీడీడీకి తగులుతాయి కాబట్టి అక్కడ ఆ పేరు సాంకేతికంగా అతకదు. ఎన్‌మాస్ రోజుల పేరు అలాగే నిలిచిపోయింది.

వాడకంలో గుర్తుంచుకోవాల్సింది ఇంతే: వీసీసీ, వీడీడీ, వీ ప్లస్ సాధారణంగా పాజిటివ్. జీఎన్‌డీ, వీఎస్ఎస్ సాధారణంగా సున్నా వోల్టులు. వీఈఈ, వీ మైనస్ అంటే ఆ ఐసీలో అన్నిటికంటే తక్కువ వోల్టేజీ ఉండే చోటు. అది గ్రౌండ్ కావచ్చు, మైనస్ 15 వోల్టులైనా కావచ్చు.

"సాధారణంగా" అని ఎందుకన్నామంటే, మోటార్ల పనిలో అందరూ వాడే ఎల్298ఎన్ దగ్గర ఈ సూత్రం తలకిందులవుతుంది. దాని డేటాషీట్‌లో 9వ కాలి పేరు వీఎస్ఎస్. అది గ్రౌండ్ కాదు, లాజిక్ భాగానికి 5 వోల్టులు ఇవ్వాల్సిన కాలు. మోటారు సప్లై 4వ కాలు వీఎస్, గ్రౌండ్ 8వ కాలు. పేరు చూసి 9వ కాలిని గ్రౌండ్‌కు కలిపితే లాజిక్‌కు సప్లై అందదు, మోటారు కదలదు. అందుకే పేరును నమ్మి ఊరుకోకుండా డేటాషీట్‌లోని పిన్ వివరణ పట్టికలో ఆ వరుస మొత్తం చదవాలి.

సిగ్నల్‌ను పెంచే ఆప్ ఆంప్ ఐసీల దగ్గర కొత్తవాళ్లకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. 741కి గ్రౌండ్ కాలే ఉండదు. 7వ కాలు వీ ప్లస్, 4వ కాలు వీ మైనస్. ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల జంట సప్లై వాడితే మధ్యలోని సున్నా వోల్టుల లైను ఐసీ సప్లై కాళ్లకు తగలనే తగలదు. ఇన్‌పుట్ సిగ్నల్‌కూ లోడుకూ మాత్రమే అది ఆధారం. "గ్రౌండ్ కాలు ఎక్కడ?" అని వెతికి 4వ కాలిని సున్నాకు కలిపేస్తే అవుట్‌పుట్ సున్నా కిందికి ఎప్పటికీ వెళ్లదు, సైన్ తరంగం కింది సగం తెగిపోతుంది. ఎల్ఎం358లో 8వ కాలు వీ ప్లస్, 4వ కాలు వీ మైనస్. దీన్ని 3 నుంచి 32 వోల్టుల ఒంటి సప్లైతో వాడేలా చేశారు కాబట్టి అక్కడ 4వ కాలిని గ్రౌండ్‌కు కలపడం సరైన పనే.

రెండో అడుగు: నంబరు సరిచూడటం

రెండు వరుసల పొడవాటి కాళ్లుండే డిప్ ఐసీని పైనుంచి చూస్తూ గాడి పైకి ఉండేలా పట్టుకుంటే, ఎడమ వైపు పై కాలు 1వది. అక్కడి నుంచి ఎడమ వరుస కిందికి దిగి, కుడి వరుసలో పైకి లెక్కపెట్టాలి. బోర్డు ఉపరితలం మీదే సోల్డర్ చేసే ఎస్ఎండీ ఐసీల్లో 1వ కాలి దగ్గర చుక్కో, ఒక అంచున ఏటవాలు చెక్కుడో ఉంటుంది. రెండు చుక్కలు కనిపిస్తే తొందరపడకండి. ఒకటి అచ్చు పోసినప్పుడు పడ్డ గుర్తు కావచ్చు. ఐసీ మీది అక్షరాలు నిటారుగా చదవగలిగేలా పెట్టినప్పుడు చాలా ప్యాకేజీల్లో 1వ కాలు ఎడమ వైపు కింది మూలకు వస్తుంది. చుక్క, అక్షరాలు రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసుకోవాలి.

74 వరుస లాజిక్ ఐసీల్లో 14 కాళ్లవాటికి 14 సప్లై, 7 గ్రౌండ్. 16 కాళ్లవాటికి 16 సప్లై, 8 గ్రౌండ్. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ల్యాబుల్లో చాలామంది ఈ ఒక్క సూత్రం బట్టీ పట్టి గట్టెక్కుతారు. కానీ అదే ల్యాబులో కౌంటర్ ప్రయోగానికి ఇచ్చే 7490లో సప్లై 5వ కాలు, గ్రౌండ్ 10వ కాలు. 7493 కూడా అంతే. 7473లో సప్లై 4, గ్రౌండ్ 11. 7475లో 5, 12. 7476లో 5, 13. సీడీ4049, సీడీ4050 బఫర్లలో సప్లై ఏకంగా 1వ కాలు, గ్రౌండ్ 8, 16వ కాలికి లోపల ఏమీ కలిపి ఉండదు. నాలుగు ఆప్ ఆంప్‌ల ఎల్ఎం324లో సప్లై 4వ కాలు, గ్రౌండ్ 11వ కాలు. దానిలాగే కనిపించే ఎల్ఎం339 కంపారేటర్‌లో సప్లై 3, గ్రౌండ్ 12. ఈ రెంటినీ ఒకదాని సాకెట్‌లో ఇంకొకటి పెట్టి పాడుచేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఐసీని తిప్పి గుచ్చితే ఏమవుతుంది? 14 కాళ్లదాన్ని 180 డిగ్రీలు తిప్పితే 14వ కాలు చోటికి 7వది వస్తుంది. అంటే సప్లై సరిగ్గా తలకిందులు. లోపలి డయోడ్లన్నీ ముందు దిశలో తెరుచుకుని కరెంటు విపరీతంగా పారుతుంది. ఐసీ వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది. వెంటనే తీసేస్తే ఒక్కోసారి బతుకుతుంది, కానీ అలాంటి ఐసీని తర్వాతి ప్రాజెక్టులో నమ్మి వాడకపోవడమే మేలు.

ఐసీ మీద అక్షరాలు చెరిగిపోతే మల్టీమీటర్ దారి చూపిస్తుంది. ఐసీని బోర్డు నుంచి బయటకు తీసి, డయోడ్ టెస్ట్‌లో పెట్టి, ఎర్ర ప్రోబును గ్రౌండ్ అని అనుమానం ఉన్న కాలికి ఆనించి, నల్ల ప్రోబును మిగతా కాళ్లకు ఒక్కొక్కటిగా తాకించండి. చాలా కాళ్ల దగ్గర 0.4 నుంచి 0.7 వోల్టులు కనిపిస్తే ఎర్ర ప్రోబు గ్రౌండ్ మీద ఉన్నట్టే. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లను కాపాడటానికి లోపల పెట్టిన డయోడ్లే ఆ రీడింగ్ ఇస్తాయి. సీమాస్ ఐసీల్లో సప్లై కాలిని పట్టుకోవాలంటే దీన్ని తిరగేయాలి: నల్ల ప్రోబు ఒకచోట ఉంచి ఎర్ర ప్రోబుతో మిగతావి తాకితే, ఎక్కువ కాళ్లు డయోడ్ రీడింగ్ ఇచ్చే చోటు సప్లై.

మూడో అడుగు: ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు

డేటాషీట్‌లో సప్లై గురించి రెండు పట్టికలుంటాయి. మొదటిది గరిష్ఠ హద్దుల పట్టిక. అది దాటితే ఐసీ పాడవుతుందని చెప్పే గీత మాత్రమే, ఆ గీత మీద నడపమని కాదు. రెండోది సిఫార్సు చేసిన పరిధి. డిజైన్‌కు వాడాల్సింది రెండోదాన్నే. 74ఎల్ఎస్ వరుసకు ఆ పరిధి 4.75 నుంచి 5.25 వోల్టులు. 74హెచ్‌సీకి 2 నుంచి 6. 74హెచ్‌సీటీకి 4.5 నుంచి 5.5. సీడీ4000బీ వరుసకు 3 నుంచి 18. అంటే 9 వోల్టుల బ్యాటరీ మీద సీడీ4011 హాయిగా నడుస్తుంది, అదే చోట 74హెచ్‌సీ00 పెడితే పోతుంది.

కనిష్ఠ వోల్టేజీ వేగాన్ని బట్టి మారడం చాలామంది గమనించరు. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ 1.8 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, నిజమే. కానీ ఆ వోల్టేజీకి 4 మెగాహెర్ట్జ్ వరకే హామీ. 10 మెగాహెర్ట్జ్‌కు 2.7 వోల్టులు, 20 మెగాహెర్ట్జ్‌కు 4.5 వోల్టులు కావాలి. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి 3.3 వోల్టులతో నడిపిన బోర్డు బల్ల మీద బాగానే నడిచి, ఎండకు వేడెక్కాక మొరాయిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కరెంటు లెక్క కూడా పవర్ పిన్నుదే. అదే ఏటీమెగాలో ఒక్కో కాలి గరిష్ఠం 40 మిల్లీఆంపియర్లు, సప్లై, గ్రౌండ్ కాళ్ల గుండా పారగల మొత్తం 200 మిల్లీఆంపియర్లు. 12 ఎల్ఈడీలను ఒక్కోటి 20 మిల్లీఆంపియర్లతో నేరుగా వెలిగిస్తే ఏ కాలూ విడిగా హద్దు దాటదు. మొత్తం మాత్రం 240. భారమంతా పవర్ కాళ్ల మీద పడింది. ఇక్కడ ట్రాన్సిస్టర్లో, యూఎల్ఎన్2803 లాంటి డ్రైవరో మధ్యలో పెట్టాలి.

నాలుగో అడుగు: ఒకే ఐసీకి ఎక్కువ పవర్ పిన్నులుంటే

ఇక్కడ సూత్రం ఒకటే: డేటాషీట్ వదిలేయవచ్చని స్పష్టంగా చెబితే తప్ప ప్రతి సప్లై కాలినీ, ప్రతి గ్రౌండ్ కాలినీ కలపాలి. "లోపల అన్నీ కలిసే ఉంటాయి కదా, ఒకటి చాలదా?" అనే ప్రశ్న సహజమే. కొన్ని ఐసీల్లో లోపల కలిసే ఉంటాయి కూడా. అయినా లోపలి లోహపు తీగ సన్నగా ఉంటుంది. ఆ మొత్తం కరెంటును మోయడానికి దాన్ని వేయలేదు. పైగా కాళ్లు ఎక్కువైన కొద్దీ ఇండక్టెన్స్ (కరెంటు ఒక్కసారిగా మారడాన్ని అడ్డుకునే గుణం) తగ్గుతుంది. పెద్ద ప్రాసెసర్లలో పదులు, వందల సంఖ్యలో సప్లై, గ్రౌండ్ కాళ్లు ఉండటానికి అదీ కారణం.

ఏటీమెగా328పీ 28 కాళ్ల డిప్‌తో మొదలుపెడదాం. 7వ కాలు వీసీసీ, 8వ కాలు గ్రౌండ్, 20వ కాలు ఏవీసీసీ, 22వ కాలు మరో గ్రౌండ్, 21వ కాలు ఏరెఫ్. ఏవీసీసీ అనలాగ్ భాగానిది. ఏడీసీ (అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం) వాడకపోయినా దాన్ని వీసీసీకి కలపాల్సిందే. రెంటి మధ్య తేడా 0.3 వోల్టులు దాటకూడదు. పోర్టు సీ లోని మొదటి నాలుగు కాళ్లకు సప్లై ఈ ఏవీసీసీ నుంచే వెళుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తే ఆ కాళ్లు డిజిటల్ పనికి కూడా సరిగ్గా రావు. ఏడీసీ వాడుతుంటే వీసీసీ నుంచి 10 మైక్రోహెన్రీ ఇండక్టర్ గుండా ఏవీసీసీకి తీసుకెళ్లి, అక్కడ 100 నానోఫారడ్ కెపాసిటర్‌ను గ్రౌండ్‌కు వేయాలి. ఏరెఫ్‌ను సప్లై కాలు అనుకుని 5 వోల్టులకు కలపకండి. ప్రోగ్రాములో లోపలి రెఫరెన్స్‌ను ఎంచుకున్న క్షణం బయటి 5 వోల్టులూ లోపలి వోల్టేజీ ఢీకొంటాయి. అక్కడ 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒక్కటి గ్రౌండ్‌కు ఉంటే చాలు.

ఎస్టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ 48 కాళ్ల రకంలో వీడీడీ మూడు చోట్ల ఉంటుంది: 24, 36, 48. వాటి పక్కనే 23, 35, 47 వీఎస్ఎస్. 9 వీడీడీఏ, 8 వీఎస్ఎస్ఏ, 1 వీబ్యాట్. ఒక్కో వీడీడీ పక్కన 100 నానోఫారడ్, మొత్తం మీద ఒక 4.7 లేదా 10 మైక్రోఫారడ్, వీడీడీఏ దగ్గర 10 నానోఫారడ్‌తో పాటు 1 మైక్రోఫారడ్ వేస్తారు. గడియారానికి విడిగా బ్యాటరీ లేకపోతే వీబ్యాట్‌ను వీడీడీకి కలిపేయాలి, గాలిలో వదలకూడదు. ఈ ఐసీలో వీడీడీఏ వదిలేస్తే లోపలి రీసెట్ భాగం, ఆసిలేటర్లు కూడా లేవవు. ఏడీసీ వాడని బోర్డు కూడా నిద్రలేవదన్నమాట.

సప్లైలా కనిపిస్తూ సప్లై కాని కాళ్లు ఇంకో రకం. ఎస్టీఎం32ఎఫ్407లో వీక్యాప్ అనే రెండు కాళ్లుంటాయి. లోపలి రెగ్యులేటర్ సుమారు 1.2 వోల్టులను తనే తయారుచేసుకుని అక్కడికి తెస్తుంది. మనం ఇవ్వాల్సింది ఒక్కోదానికి 2.2 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ మాత్రమే. పేరులో వీ ఉంది కదా అని 3.3 వోల్టులు ఇస్తే ఐసీ కోర్ కాలిపోతుంది. కెపాసిటర్ మరిచిపోతే రెగ్యులేటర్ నిలకడగా ఉండదు, ప్రోగ్రామర్‌కు ఐసీ కనిపించకపోవచ్చు. సీరియల్ పోర్టు వోల్టేజీలను మార్చే మాక్స్232లోనూ ఇదే సంగతి: 16వ కాలు వీసీసీ, 15వ కాలు గ్రౌండ్. 2వ కాలు వీ ప్లస్, 6వ కాలు వీ మైనస్ అని రాసి ఉన్నా అవి ఐసీ లోపలి చార్జ్ పంపు తయారుచేసే వోల్టేజీలు. వాటికి కెపాసిటర్లే వేయాలి: మాక్స్232కు 1 మైక్రోఫారడ్, మాక్స్232ఏకు 0.1 మైక్రోఫారడ్.

రెండు వేర్వేరు వోల్టేజీలు కావాల్సిన ఐసీలకు మంచి ఉదాహరణ ఎల్293డీ. 16వ కాలికి లాజిక్ 5 వోల్టులు, 8వ కాలికి మోటారు వోల్టేజీ, 36 దాకా ఇవ్వొచ్చు. మధ్యలోని 4, 5, 12, 13 నాలుగూ గ్రౌండే. అన్నిటినీ వెడల్పాటి రాగి పరుపుకు సోల్డర్ చేయాలి, ఎందుకంటే ఐసీ వేడి బయటికి పోయేదీ ఆ నాలుగు కాళ్ల గుండానే. ఈ నాలుగింటిలో ఒక్కటే కలిపి "ఐసీ కాలుతోంది" అనుకోవడం తరచూ జరుగుతుంది.

ఐదో అడుగు: డీకప్లింగ్ కెపాసిటర్

కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలో అడిగినా దొరికే చిన్న సిరామిక్ 104 మీద చాలామందికి చిన్నచూపు. తీసేసినా సర్క్యూట్ పనిచేసినట్టే కనిపిస్తుంది కాబట్టి. అది లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి.

ఐసీ లోపల గేట్లు మారిన ప్రతిసారీ కొన్ని నానోసెకన్ల పాటు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. సన్నటి ట్రాకు లేదా తీగకు ఒక మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. సప్లై 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 20 నానోహెన్రీలు. 2 నానోసెకన్లలో కరెంటు 50 మిల్లీఆంపియర్లు మారితే ఆ తీగ మీద పడే వోల్టేజీ: 20 ఇంటూ 0.05 బై 2, అంటే 0.5 వోల్టు. మల్టీమీటర్ 5.00 అని చూపిస్తూనే ఉంటుంది, ఐసీ కాలి దగ్గర మాత్రం ఆ క్షణంలో 4.5. గ్రౌండ్ వైపు తీగ కూడా అంతే దూరమైతే ఇంకో అర వోల్టు. అదే కాలి పక్కన 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉంటే 50 మిల్లీఆంపియర్లను 10 నానోసెకన్ల పాటు ఇచ్చినా దాని వోల్టేజీ 5 మిల్లీవోల్టులే తగ్గుతుంది. బోరు మోటారు ఎంత దూరంలో ఉన్నా మిద్దె మీద ట్యాంకు ఉంటే కుళాయి తిప్పగానే నీళ్లు వచ్చినట్టు, దూరపు సప్లై స్పందించేలోగా దగ్గరి కెపాసిటర్ ఆ కరెంటును అందిస్తుంది.

కాబట్టి ప్రతి సప్లై కాలికీ ఒక 100 నానోఫారడ్. ఎక్స్7ఆర్ రకం అడిగి తీసుకోండి. వై5వీ చవకే, కానీ వేడికీ వోల్టేజీకీ దాని విలువ దారుణంగా పడిపోతుంది. కాలికీ కెపాసిటర్‌కూ దూరం కొన్ని మిల్లీమీటర్లు మించకూడదు. కెపాసిటర్ రెండో కొన నుంచి ఐసీ గ్రౌండ్ కాలికి వెళ్లే దారి కూడా ఆ దూరంలో భాగమే. సప్లై వైపు పక్కనే పెట్టి, గ్రౌండ్ వైపు బోర్డు చుట్టూ తిప్పి తెచ్చిన కెపాసిటర్ ఉన్నా లేనట్టే. పీసీబీ గీస్తుంటే సప్లై ట్రాకు ముందు కెపాసిటర్ ప్యాడును తాకి, అక్కడి నుంచి ఐసీ కాలికి వెళ్లాలి. బ్రెడ్‌బోర్డ్ మీదైతే కెపాసిటర్ కాళ్లు పొట్టిగా కత్తిరించి, ఐసీ కాలి పక్క రంధ్రాల్లోనే గుచ్చాలి. సరఫరా పట్టీ చివర గుచ్చితే సగం ప్రయోజనం పోతుంది.

దీనికి తోడు బోర్డు మీదికి సప్లై వచ్చే చోట 10 నుంచి 100 మైక్రోఫారడ్ ఒకటి ఉండాలి. చిన్న సైజు సిరామిక్ వాడితే ఒక మెలిక గమనించండి: 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న 10 మైక్రోఫారడ్ మీద 5 వోల్టులు ఇస్తే దాని అసలు విలువ సగానికి పైగా పడిపోవచ్చు. 16 లేదా 25 వోల్టుల రేటింగ్, కాస్త పెద్ద సైజు తీసుకుంటే మంచిది.

555 టైమర్‌ను ప్రత్యేకంగా చెప్పాలి. పాత బైపోలార్ ఎన్ఈ555 అవుట్‌పుట్ మారేటప్పుడు పై ట్రాన్సిస్టర్, కింది ట్రాన్సిస్టర్ ఒక క్షణం రెండూ తెరుచుకుని ఉండి, సప్లై నుంచి గట్టి కరెంటు లాగుతాయి. పక్కనున్న కౌంటర్ ఐసీ ఒక పల్సుకు రెండు లెక్కపెడుతుంటే ఇదే కారణం కావచ్చు. 8వ కాలికీ 1వ కాలికీ మధ్య 100 నానోఫారడ్, పక్కనే 10 మైక్రోఫారడ్, 5వ కాలి నుంచి గ్రౌండ్‌కు 10 నానోఫారడ్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆరో అడుగు: గ్రౌండ్ దారి

సప్లై కాలి గురించి తీసుకునే జాగ్రత్తలో సగం కూడా గ్రౌండ్ కాలి గురించి తీసుకోరు. లోపలికి వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి రావాల్సింది ఆ కాలి నుంచే. మోటారు, సెన్సర్ ఒకే సన్నటి తీగతో గ్రౌండ్‌కు తిరిగి వస్తున్నాయనుకోండి. ఆ తీగ, దాని గుచ్చుళ్లు కలిపి 0.1 ఓమ్ ఉంటే, 1 ఆంపియర్ మోటారు కరెంటుకు 100 మిల్లీవోల్టులు పడతాయి. 5 వోల్టుల 10 బిట్ ఏడీసీలో ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు. మోటారు తిరిగినప్పుడల్లా సెన్సర్ రీడింగ్ 20 మెట్లు ఎగురుతుంది. ప్రోగ్రాములో ఎన్ని సగటులు తీసినా అది పోదు. మోటారు గ్రౌండ్‌ను విడి తీగతో నేరుగా సప్లై మైనస్ దాకా తీసుకెళ్లాలి.

ఎంసీపీ3008 లాంటి ఏడీసీలో అనలాగ్ గ్రౌండ్ 14వ కాలు, డిజిటల్ గ్రౌండ్ 9వ కాలు అని రెండు ఉంటాయి. పేర్లు వేరు కదా అని బోర్డు రెండు మూలల్లోని వేర్వేరు గ్రౌండ్లకు కలిపితే మధ్యలో వోల్టేజీ తేడా పుట్టి రీడింగులు చెడతాయి. ఐసీ కిందే ఒకే రాగి పరుపు వేసి రెంటినీ దానికే కలపడం చాలా బోర్డులకు సరైన పద్ధతి.

వీపు మీద, పొట్ట కింద ఉండే లోహం కూడా పవర్ పిన్నే. బయటికి కాళ్లు లేని చదునైన క్యూఎఫ్ఎన్ ఐసీల కింది ప్యాడ్ ఎక్కువగా గ్రౌండ్. దాన్ని సోల్డర్ చేయకుండా వదిలేస్తే కొన్ని ఐసీలు అసలు పనిచేయవు, కొన్ని వేడికి ఆగిపోతాయి. ఆడియో ఆంప్లిఫయర్లు బిగించేవాళ్లకు దీనికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. టీడీఏ2030 ట్యాబ్ లోపల 3వ కాలికి, అంటే మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. జంట సప్లై మీద నడిపే ఆంప్లిఫయర్‌లో దాన్ని మైకా ముక్క లేకుండా గ్రౌండ్ చేసిన హీట్‌సింక్‌కు బిగిస్తే మైనస్ సప్లై నేరుగా షార్ట్. రెగ్యులేటర్లూ ఇలాంటివే: 7805 ట్యాబ్ గ్రౌండ్, 7905 ట్యాబ్ ఇన్‌పుట్, ఏఎంఎస్1117 ట్యాబ్ అవుట్‌పుట్. మూడింటినీ ఒకే అల్యూమినియం రేకుకు బిగించకూడదు.

ఏడో అడుగు: మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఈ వరుస మార్చకండి.

1. ఐసీ సాకెట్‌లో ఉంటే తీసి పక్కన పెట్టండి. సప్లై తీసేసి ఉన్నప్పుడు సప్లై, గ్రౌండ్ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. కెపాసిటర్లు నిండుతూ విలువ పెరుగుతూ పోతే మంచిదే. కొన్ని ఓమ్‌ల దగ్గర ఆగిపోతే షార్ట్ ఉంది, ముందుకు వెళ్లకూడదు.

2. సాకెట్ ఖాళీగా ఉండగానే సప్లై ఇచ్చి, సాకెట్ కాళ్ల దగ్గరే వోల్టేజీ కొలవండి. నల్ల ప్రోబు బోర్డు అంచు గ్రౌండ్ మీద కాకుండా అదే సాకెట్ గ్రౌండ్ రంధ్రంలో ఉండాలి. పొడవైన బ్రెడ్‌బోర్డులు చాలావాటిలో సరఫరా పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. ఎర్ర గీత మధ్యలో ఖాళీ కనిపిస్తే అదే గుర్తు. రెండు సగాలనూ తీగతో కలపాలి.

3. సప్లై తీసేసి, ఐసీ పెట్టి, బెంచ్ సప్లై కరెంటు పరిమితిని 50 మిల్లీఆంపియర్ల దగ్గర ఉంచి తిరిగి ఇవ్వండి. బెంచ్ సప్లై లేకపోతే 5 వోల్టుల లైనులో 100 ఓమ్ రెసిస్టర్‌ను వరుసగా పెట్టండి. పూర్తి షార్ట్ అయినా 50 మిల్లీఆంపియర్లు దాటదు. రెసిస్టర్ మీద వోల్టేజీని 100తో భాగిస్తే ఐసీ లాగే కరెంటు తెలుస్తుంది. డేటాషీట్ చెప్పిన సప్లై కరెంటుతో పోల్చి చూసి, సరిపోతేనే రెసిస్టర్ తీసేయండి.

4. ఇప్పుడు ప్రతి సప్లై కాలి మీదా, ప్రతి గ్రౌండ్ కాలి మీదా విడివిడిగా కొలవండి. ప్రోబు మొన సోల్డర్ మీద కాకుండా ఐసీ కాలి లోహం మీదే పెట్టాలి. సోల్డర్ పైకి మెరుస్తూ లోపల కాలికి అంటకపోతే ఇక్కడే బయటపడుతుంది. గ్రౌండ్ కాళ్ల మధ్య తేడా కొన్ని మిల్లీవోల్టులు మించకూడదు.

5. సిగ్నల్ తీగలు అన్నిటికంటే చివర.

తేడా చేసినప్పుడు ఏం చూడాలి

ఐసీ సగం సగం పనిచేస్తోంది, లేదా ఇన్‌పుట్‌లన్నీ "లో" (సున్నా వోల్టులు) అయినప్పుడు మాత్రమే ఆగిపోతోంది: ముందు వీసీసీ కాలు అసలు కలిసిందో లేదో చూడండి. సీమాస్ ఐసీల్లో ఇన్‌పుట్ కాలి నుంచి సప్లై లైనుకు రక్షణ డయోడ్ ఉంటుంది. ఏదో ఒక ఇన్‌పుట్ 5 వోల్టుల దగ్గర ఉంటే ఆ డయోడ్ గుండా ఐసీకి సుమారు 4.4 వోల్టులు చేరిపోతాయి. వీసీసీ తీగ గుచ్చడం మరిచిపోయినా ఐసీ పనిచేస్తున్నట్టే నటిస్తుంది. గంటల తరబడి లాజిక్ వెతికిస్తుంది. వీసీసీ కాలి మీద సప్లై కంటే 0.5 నుంచి 0.7 వోల్టు తక్కువ కనిపిస్తే ఇదే అసలు సంగతి.

సీమాస్ ఐసీ ఉన్నట్టుండి వేడెక్కి, సప్లై తీసి మళ్లీ ఇస్తే మామూలుగా నడుస్తోంది: లాచప్ అయ్యుండొచ్చు. సప్లై కంటే ఇన్‌పుట్ వోల్టేజీ పైకి పోయినప్పుడు లోపల పుట్టే అదనపు ట్రాన్సిస్టర్ల జంట థైరిస్టర్‌లా పట్టుకుని, సప్లైనీ గ్రౌండ్‌నూ దాదాపు షార్ట్ చేసేస్తుంది. సప్లై తీస్తే తప్ప వదలదు. వేరే బోర్డు నుంచి వచ్చే సిగ్నల్ మన బోర్డు సప్లై కంటే ముందు వస్తోందేమో చూడండి. ఆ తీగలో 1 కిలోఓమ్ వరుసగా వేస్తే డయోడ్ గుండా పోయే కరెంటు అదుపులో ఉంటుంది.

ఈఎస్పీ32 వైఫై మొదలుపెట్టగానే రీసెట్ అవుతూ, సీరియల్ మానిటర్‌లో బ్రౌనౌట్ డిటెక్టర్ (సప్లై వోల్టేజీ పడిపోతే పసిగట్టే భాగం) పని చేసిందని సందేశం వస్తోంది: ప్రసారం సమయంలో అది 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. తయారీదారు 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సప్లై పెట్టమంటాడు. సన్నని యూఎస్‌బీ కేబుల్‌నూ, పొడవాటి జంపర్లనూ ముందు మార్చి చూడండి. లిథియం సెల్ మీద ఏఎంఎస్1117 పెట్టి ఉంటే తప్పు అక్కడే ఉంది. దానికి అవుట్‌పుట్ కంటే 1.1 వోల్టులకు పైగా ఎక్కువ ఇన్‌పుట్ కావాలి, అంటే 3.3 వోల్టులకు 4.4 పైన. పూర్తిగా నిండిన సెల్ కూడా 4.2 వోల్టులే ఇస్తుంది. తక్కువ డ్రాపౌట్ రెగ్యులేటర్‌కు మారి, మాడ్యూల్ 3.3 వోల్టుల కాలి పక్కనే 100 నానోఫారడ్‌తో పాటు కనీసం 10 మైక్రోఫారడ్ వేయాలి.

కైక్యాడ్ అనే పీసీబీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బోర్డుల్లో మాత్రమే వచ్చే తప్పు ఒకటి మిగిలింది. లాజిక్ ఐసీల పవర్ కాళ్లు గేట్లతో కాకుండా విడి యూనిట్‌గా ఉంటాయి. 74హెచ్‌సీ00లో నాలుగు గేట్ల తర్వాత ఐదోది అదే. ఆ యూనిట్‌ను బొమ్మలో పెట్టడం మరిచిపోతే పీసీబీలో 14, 7 కాళ్లకు ట్రాకులే రావు. నియమాల తనిఖీ నడిపితే ఒక యూనిట్ పెట్టలేదని హెచ్చరిక వస్తుంది. పవర్ ఇన్‌పుట్ కాలికి సప్లై ఎక్కడి నుంచీ రావడం లేదన్న తప్పు చూపిస్తే, సప్లై నిజంగా కనెక్టర్ నుంచి వస్తోందని కళ్లతో చూసుకున్న తర్వాతే ఆ లైను మీద పవర్ ఫ్లాగ్ గుర్తు పెట్టండి. హెచ్చరిక నోరు మూయించడానికి ముందే పెట్టేస్తే, తెగిన లైను తయారైన బోర్డు చేతికొచ్చాకే తెలుస్తుంది.